అప్‌డేట్: బాంబులు తగ్గాయి సరే, ముప్పు?

అణుబాంబులు తగ్గాయి కదా, అమెరికా, రష్యాల మధ్య యుద్ధ ముప్పు కూడా తగ్గినట్టేనా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. లెక్క నిజమే. 1986 ప్రాంతంలో ప్రపంచమంతా కలిపి దాదాపు 70 వేలు, ఇప్పుడు 12 వేల చిల్లర.

కానీ మీరు చెప్పిన 1983 సెప్టెంబర్ 26 సంగతి చదివాక నిద్ర పట్టలేదు. మాస్కో దగ్గరి బంకర్‌లో సైరన్ మోగింది. అమెరికా నుంచి 5 క్షిపణులు వస్తున్నాయంది కంప్యూటర్. డ్యూటీలో ఉన్న సోవియట్ సైనికాధికారి స్తానిస్లావ్ పెట్రోవ్, నిజంగా దాడి చేసేవాళ్లు ఐదింటితో సరిపెడతారా అనుకుని, తప్పుడు అలారమని పైవాళ్లకు చెప్పాడు. తీరా చూస్తే, కంప్యూటర్ క్షిపణులనుకున్నది మేఘాల మీద మెరిసిన ఎండని!

నేనేమో బాంబులు లెక్కపెడుతూ కూర్చున్నాను. క్షిపణులు వచ్చి పడేలోగా ఆలోచించుకోవడానికి దొరికే ఆ కొన్ని నిమిషాలే అసలు టెన్షన్. పైగా ప్రయోగానికి సిద్ధంగా మోహరించిన వార్‌హెడ్లు (అణుబాంబులు) చెరో 1,550 దాటకూడదని అమెరికా, రష్యాలు చేసుకున్న న్యూ స్టార్ట్ ఒప్పందం గడువు కూడా 2026 ఫిబ్రవరి 5తో తీరిపోయింది.