జర్మనీ మాంసం ఫ్యాక్టరీలో రాత్రి క్లీనింగ్ పని, ఏజెన్సీ ద్వారా: చేరొచ్చా?

హనోవర్_విద్యార్థి అడిగారు:
అందరికీ నమస్కారం. నేనూ మా రూమ్మేట్ ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నాం. వాడికి నెల గడవడం కష్టంగా ఉంది, పార్ట్‌టైమ్ వెతుకుతుంటే వాట్సాప్ గ్రూపులో ఒక ఏజెన్సీ తగిలింది. పందుల్ని కోసి మాంసం ప్యాక్ చేసే పెద్ద ప్లాంట్. ఫోన్లో ప్యాకింగ్ పని అన్నారు, తీరా కాగితాలు చూస్తే రాత్రి లైన్ ఆగాక మెషీన్లు కడగడం అని ఉంది, పైన కంపెనీ పేరు కూడా ప్లాంట్‌ది కాదు, ఇంకెవరిదో. పడుకోడానికి బెడ్ వాళ్లే ఇస్తారట, అద్దె జీతంలో పట్టుకుంటారట, మొదటి నెల బూట్లకీ గ్లవ్స్‌కీ కూడా కట్ అన్నారు. 2021 నుంచి ఇక్కడి మాంసం ఫ్యాక్టరీల్లో కాంట్రాక్ట్ మనుషుల్ని పెట్టకూడదని చదివాను. మరి వీళ్లెలా పెడుతున్నారు? వాడు సోమవారం లోపు సంతకం చేయాలంటున్నాడు, నాకేమో టెన్షన్‌గా ఉంది.

రైన్_ఒడ్డున:
మీరు చదివింది నిజమే, కానీ ఆ నిషేధం క్లీనింగ్‌కి వర్తించదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఇక్కడ చాలా ఏళ్లు పెద్ద ప్లాంట్లు పశువుల్ని కోయడం, ముక్కలు చేయడం లాంటి ముఖ్యమైన పనే బయటి కాంట్రాక్టర్లకి అప్పజెప్పేవి. రొమేనియా, బల్గేరియా, పోలండ్ నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. గంటలు ఎగ్గొట్టినా, ఒక గదిలో పదిమందిని కుక్కినా అడిగితే ప్లాంట్ వాళ్ల జవాబు ఒకటే, వాళ్లు మా మనుషులు కాదు అని. 2014లో కంపెనీలు తమంతట తామే బాగుపడతామని మాట ఇచ్చాయి. 2017లో కత్తులకీ రక్షణ దుస్తులకీ జీతంలో కోత పెట్టకూడదని చట్టం వచ్చింది. కాంట్రాక్టర్ మాత్రం మధ్యలో అలాగే ఉన్నాడు, కాబట్టి పెద్దగా మారిందేమీ లేదు.

2020 జూన్‌లో రేడా-వీడెన్‌బ్రుక్‌లోని ట్యోనీస్ ప్లాంట్‌లో 1,500 మందికి పైగా కరోనా వచ్చింది. ఆ ప్లాంట్ ఉన్న గ్యూటర్స్‌లోహ్ జిల్లా మొత్తం మళ్లీ మూతపడింది. ఎవరెక్కడ ఉంటున్నారో ఆ అడ్రసులు సంపాదించడానికే అధికారులు నానా తంటాలు పడ్డారు. అప్పుడు కార్మిక మంత్రి హుబెర్టుస్ హైల్ పట్టుబట్టి డిసెంబర్‌లో చట్టం పాస్ చేయించారు. 2021 జనవరి 1 నుంచి పశువుల్ని కోయడం, ముక్కలు చేయడం, ప్రాసెసింగ్ పనుల్లో సబ్‌కాంట్రాక్ట్ లేదు, ఏప్రిల్ 1 నుంచి ఏజెన్సీ మనుషులూ లేరు (ప్రాసెసింగ్‌లో కొన్నాళ్లు చిన్న మినహాయింపు ఉండేది, అది 2024 మార్చితో పోయింది). 50 మంది కన్నా తక్కువ ఉన్న చిన్న మాంసం దుకాణాలకి ఇది వర్తించదు. పని గంటలు ఎలక్ట్రానిక్‌గా నమోదు చేయాలి, బట్టలు మార్చుకునే సమయం, చేతులు కడుక్కునే సమయం కూడా అందులో లెక్క. వేలమంది నేరుగా ప్లాంట్ పేరు మీదకి వచ్చారు. నా దృష్టిలో జరిమానాల కన్నా ఇదే పెద్ద మార్పు, ఎందుకంటే పే స్లిప్ మీద ఎవరి పేరుంటే రేపు వేలు తెగినా జవాబు చెప్పాల్సింది వాళ్లే.

ఇప్పుడు మీవాడి సంగతి. చట్టం ప్రకారం మాంసం ప్యాకింగ్ కూడా ప్రాసెసింగ్‌లో భాగమే, అంటే దానికి ప్లాంట్ నేరుగా తీసుకోవాలి. క్లీనింగ్ అయితే బయటివాళ్లకి ఇవ్వొచ్చు. ఫోన్లో ప్యాకింగ్ అని, కాగితం మీద క్లీనింగ్ అని రాశారంటే నాకు అనుమానమే. రేపు ప్యాకింగ్ లైన్ మీద నిలబెడితే అది చట్టవిరుద్ధం. ఇక బూట్లు, గ్లవ్స్ డబ్బు అడగడం ఏ రంగంలోనూ కుదరదు, రక్షణ సామగ్రి ఖర్చు యజమానిదే.

పని_కావాలి:
అన్నా, మీరు చెప్పేదంతా కరెక్టే గానీ చట్టం చదువుకుంటూ కూర్చుంటే అద్దె ఎవరు కడతారు? నేనూ ఇలాంటి పనే చేశాను. ఒళ్లు హూనమవుతుంది, కానీ ఆ డబ్బుతోనే సెమిస్టర్ ఫీజు కట్టాను. జర్మన్ రాని మనవాళ్లకి దొరికేవే ఇలాంటివి. భయపెట్టి ఆపేస్తే వాడు ఇంకో పని ఎక్కడ చూసుకుంటాడు?

నెబ్రాస్కా_నుంచి:
తమ్ముడూ, నీ కష్టం అర్థమైంది, కానీ క్లీనింగ్ షిఫ్ట్‌ని తేలిగ్గా తీసుకోకు. అమెరికాలో మా నెబ్రాస్కా రాష్ట్రంలో గ్రాండ్ ఐలాండ్ ప్లాంట్ దగ్గర బయటపడ్డ కేసు ఇదే. ప్యాకర్స్ శానిటేషన్ అనే క్లీనింగ్ కాంట్రాక్టర్ 8 రాష్ట్రాల్లో 13 ప్లాంట్లలో 102 మంది పిల్లల్ని, 13 నుంచి 17 ఏళ్ల వాళ్లని, రాత్రిపూట ఎముకలు కోసే రంపాలు కడగడానికి పెట్టిందని కార్మిక శాఖ తేల్చింది. 2023 ఫిబ్రవరిలో 15 లక్షల డాలర్ల జరిమానా పడింది, అంటే ఒక్కో బిడ్డకి 15,138 డాలర్లు, అప్పటి చట్టంలో అంతకు మించి వేసే వీలే లేదు. ఆ ప్లాంట్లు నడిపే పెద్ద మాంసం కంపెనీల మీద ఆ కేసులో జరిమానా లేదు, పిల్లలు వాళ్ల ఉద్యోగులు కారు కదా. అదే ఏడాది జూలైలో మిసిసిపీలో హాటీస్‌బర్గ్ కోళ్ల ప్లాంట్‌లో క్లీనింగ్ చేస్తున్న 16 ఏళ్ల అబ్బాయి మెషీన్‌లో చిక్కుకుని చనిపోయాడు.

అమెరికాలో 1906లోనే మాంసం తనిఖీకి చట్టం వచ్చింది, తినేవాళ్ల కోసం. కోసేవాళ్ల భద్రతకి కేంద్ర చట్టం కావాలంటే 1970 దాకా ఆగాల్సి వచ్చింది. కరోనాలో అయిదు పెద్ద కంపెనీల్లోనే 59,000 మందికి జబ్బు చేసి 269 మంది పోయారని ప్రతినిధుల సభ కమిటీ లెక్క తీసింది. ఇంత జరిగినా రాత్రి కడిగే పని ఇంకా కాంట్రాక్టర్ల చేతిలోనే ఉంది.

మీవాణ్ణి ఒక్క మాట అడగమనండి: కడిగేటప్పుడు మెషీన్‌కి కరెంటు తీసి తాళం వేస్తారా, ఆ తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? సరిగ్గా జవాబు రాకపోతే ఎంత డబ్బిచ్చినా వద్దు.

భీమవరం_వైపు:
ఇది చదువుతుంటే మా రొయ్యల ప్లాంట్లే గుర్తొస్తున్నాయి. మాంసం కాదు గానీ పద్ధతి అదే. తల తీయడం, పీలింగ్, గ్రేడింగ్ అంతా ఆడవాళ్లే, ఐసు నీళ్లలో చేతులు పెట్టి గంటల తరబడి నిలబడి చేస్తారు, చాలాచోట్ల కాంట్రాక్టర్ తెచ్చినవాళ్లే, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు హాస్టల్లో ఉంటారు. మన ఆంధ్రప్రదేశ్ 2003లోనే కాంట్రాక్ట్ లేబర్ చట్టాన్ని సవరించి ముఖ్యమైన పనికి కాంట్రాక్ట్ కూలీలు వద్దంది. రొయ్యల ప్లాంట్‌లో రొయ్య ఒలవడం కన్నా ముఖ్యమైన పని ఇంకేముంటుంది? కానీ సాధారణంగా కాంట్రాక్టర్ ద్వారా జరిగే పనైతే పర్లేదు, హఠాత్తుగా పని పెరిగితే పర్లేదు అని మినహాయింపులు పెట్టారు. పైగా ముఖ్యమైనవి కాని పనుల జాబితాలో మొట్టమొదట ఉన్నది పారిశుధ్యమే. కొత్త లేబర్ కోడ్‌లోనూ అదే మాట. ఊడ్చేవాళ్లని, కడిగేవాళ్లని అక్కడా ఇక్కడా కూడా చట్టం బయటే నిలబెట్టింది. నాకు చాలా కోపంగా ఉంది.

రైన్_ఒడ్డున:
పని_కావాలి గారూ, పని మానమని నేను అనలేదు. చేరే ముందు అడగాల్సినవి అడగమంటున్నాను. బయటి దేశాల వాళ్ల కోసం ఫేరె ఇంటెగ్రాత్సియోన్ (Faire Integration) అనే సలహా కేంద్రాలున్నాయి, ఉచితం, కాంట్రాక్ట్ చూపిస్తే చదివి చెబుతారు. ఇంకొకటి, విద్యార్థి వీసా మీద ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులే పని. ఏజెన్సీ అంతకు మించి చేయించి చేతికి డబ్బిస్తే ఇరుక్కునేది విద్యార్థే. బెడ్ అద్దెకి వేరే ఒప్పందం రాయించుకోండి, పని పోయిన రోజే గది ఖాళీ చేయమంటే ఎలా?

హనోవర్_విద్యార్థి:
అందరికీ చాలా థాంక్స్. వాడికి ఈ థ్రెడ్ మొత్తం చూపించాను. మెషీన్ కరెంటు గురించి, గ్లవ్స్ కోత గురించి, ప్యాకింగ్ సంగతి గురించి ఏజెన్సీకి మెయిల్ పెట్టాడు. ఫోన్ చేసి "ఇవన్నీ వచ్చాక మాట్లాడుకుందాం" అన్నారు, రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు. సంతకం ఆపాడు. గురువారం సలహా కేంద్రంలో అపాయింట్‌మెంట్ దొరికింది. పని_కావాలి అన్నా, మీరు అప్పట్లో చేసిన చోట కడిగేటప్పుడు కరెంటు తీసేవాళ్లా? చెప్తే వాడికి పనికొస్తుంది.

పని_కావాలి:
కొన్ని మెషీన్లకి తీసేవాళ్లు. కన్వేయర్ మాత్రం తిరుగుతుండగానే కడగమనేవాళ్లు, తొందరగా అవుతుందని. వాణ్ణి గురువారం దాకా ఆగమనండి.