కొవ్వాడ అణు కేంద్రం: ఉత్తరాంధ్రకి నిజంగా అవసరమా?

రణస్థలం కుర్రాడు:
మాది రణస్థలం పక్క ఊరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. కొవ్వాడ ప్లాంటు మాట నేను హైస్కూల్లో ఉన్నప్పట్నుంచీ వింటున్నా. మొదట అమెరికా కంపెనీ జీఈ రియాక్టర్లు అన్నారు. తర్వాత గుజరాత్‌లో మిఠీ విర్ది రైతులు వద్దన్న వెస్టింగ్‌హౌస్ (అదీ అమెరికా కంపెనీయే) రియాక్టర్లు మనకి అన్నారు. ఆరు రియాక్టర్లు, ఒక్కోటి 1208 మెగావాట్లు. ఇంకా పని మొదలు కాలేదు. ఈలోగా విశాఖకి గూగుల్ డేటా సెంటర్ అంటున్నారు, పైడిభీమవరం ఫార్మా ఉండనే ఉంది. పండక్కి ఊరెళ్తే అరుగు మీద ఇదే గొడవ. మావయ్యేమో సోలార్ చాలంటాడు, ఎదురింటాయనేమో సోంపేటలో థర్మల్ వద్దని ప్రాణాలు పోగొట్టుకున్నది అణు ప్లాంటు తెచ్చుకోడానికా అంటాడు. రావాలా, వద్దా? తెలిసినవాళ్లు చెప్పండి. వాట్సాప్ ఫార్వర్డులు మాత్రం పెట్టకండి, దండం పెడతా.

అనంతపురం ఎండ:
మీ మావయ్య మాటే నాదీ. కర్నూలు వైపు పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, రాత్రి కిందకి వదిలి మళ్లీ కరెంటు తీస్తున్నారు. అణు ప్లాంటు కట్టే టైములో అలాంటివి నాలుగు లేస్తాయి.

కైగా రిటైర్డ్:
తమ్ముడూ, కర్ణాటకలో కైగా అణు కేంద్రం కంట్రోల్ రూములో షిఫ్టులు చేసి రిటైరైనవాణ్ణి. కాబట్టి అటువైపే మొగ్గుతాను, అది ముందే అనుకుని చదువు.

ఎండ గారు చెప్పింది నిజమే, ఆ నీళ్లు తోడి దాచే పద్ధతి, పంప్డ్ స్టోరేజి, మంచిదే. కానీ అది దాచిపెట్టేదే, పుట్టించేది కాదు. నాలుగు రోజులు ముసురు పట్టినా ఫార్మా ఫ్యాక్టరీ, డేటా సెంటరూ ఆగవు కదా. ఆ లోడు ఇవాళ మోస్తున్నది పరవాడ సింహాద్రి లాంటి బొగ్గు ప్లాంట్లు. నా ప్రశ్న ఒకటే: రేపు బొగ్గు తగ్గిస్తే రాత్రి రెండింటికి ఏది నడవాలి?

కైగాలో 220 మెగావాట్ల యూనిట్, అంటే ఒక రియాక్టర్, రోజుకి తినేది ఎనిమిది బండిళ్లు (యురేనియం ఇంధనం కట్టలు). ఒక్కోటి అర మీటరు పొడవు, పదిహేను పదహారు కిలోల బరువు, చంకలో పెట్టుకుపోవచ్చు (కొత్తదైతేనే సుమా). అదే కరెంటుకి బొగ్గయితే దాదాపు ఒక గూడ్సు బండి కావాలి. పైగా బండిళ్లు మార్చడానికి యూనిట్ ఆపనక్కర్లేదు. బండిళ్లుండే గొట్టానికి (చానెల్) అటో మెషీన్ ఇటో మెషీన్ అతుక్కుంటాయి. ఇటు నుంచి కొత్తవి తోస్తుంటే అటు నుంచి వాడేసినవి బయటికొస్తాయి. అందుకే మా ఒకటో యూనిట్ 2016 మే నుంచి 2018 డిసెంబర్ 31 దాకా 962 రోజులు ఆగకుండా నడిచింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు.

కాబట్టి నా మాట: అణు ప్లాంటు రావాలి. కానీ ఆ అమెరికా ఏపీ1000, అదే వెస్టింగ్‌హౌస్ రియాక్టర్, మాత్రం వద్దు. అమెరికాలోనే జార్జియా రాష్ట్రంలో వోగ్టల్ దగ్గర అలాంటివి రెండు కట్టేసరికి ఖర్చు 30 బిలియన్ డాలర్లు దాటింది, రెండోది 2024లో గానీ నడవలేదు. పక్కనే సౌత్ కరోలినాలో రెండింటిని 2017లో మధ్యలో వదిలేశారు. చైనాలో నాలుగు నడుస్తున్నాయి, నిజమే, కానీ ఆ రేటుకి మనకెవరు కట్టిపెడతారు? యూనిట్ కరెంటు ఎంత పడుతుందో తేలకుండా కొనేది ఎవరు? పైగా దానికి ఎన్‌రిచ్డ్ యురేనియం (అణుశక్తినిచ్చే పాలు పెంచిన యురేనియం) బయట దేశాల నుంచే రావాలి.

మన 700 మెగావాట్ల రియాక్టరే పెట్టమనండి. గుజరాత్ కాక్రపార్‌లో మూడోది 2023లో, నాలుగోది 2024లో వాణిజ్యంగా మొదలయ్యాయి. దాని బండిళ్లు చేసేది హైదరాబాద్‌లోని అణు ఇంధనం ఫ్యాక్టరీ ఎన్ఎఫ్‌సీ, రియాక్టర్‌లో వాడే భారజలం మణుగూరులో తయారవుతుంది, కంట్రోల్ సామాను హైదరాబాద్ ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్‌ది. అంటే పని మన పిల్లలకే. ఆలస్యం వీటికీ తప్పలేదు, కాక్రపార్ మూడో యూనిట్ కాంక్రీటు 2010లో మొదలైంది. కానీ అదే డిజైను మళ్లీ మళ్లీ కడితే చెయ్యి తిరుగుతుంది.

బుడగట్లపాలెం:
మాస్టారూ, మీ మాటలన్నీ కరెంటు కొనేవోళ్లకి బాగున్నాయి. మాది వేట. చేపల్లేక మా పిన్ని కొడుకు గుజరాత్ వెరావల్ బోట్ల మీద పనికి పోతాడు. 2018లో పాకిస్తానోళ్లకి దొరికిపోయిందీ మా జిల్లావోళ్లే. ఉన్న కాస్త తీరం కూడా కంచె వేస్తే మేమేం తినాలి? హుద్‌హుద్, తిత్లీ రెండూ చూసినోళ్లం. సునామీ వస్తే మీ ప్లాంటు ఆగుద్దా?

కైగా రిటైర్డ్:
బాబూ, సునామీ సంగతి ముందు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు తమిళనాడు కల్పాక్కం అణు కేంద్రంలో రెండో యూనిట్ నడుస్తోంది. పంప్‌హౌస్‌లోకి సముద్రం నీళ్లొచ్చాయి, యూనిట్‌ని క్షేమంగా ఆపేశారు. 2011 సునామీకి జపాన్ ఫుకుషిమాలో ఆపడం కాదు సమస్య, ఆపాక చల్లార్చడానికి కరెంటు లేకపోవడం. కాబట్టి డీజిల్ జనరేటర్లు ఎంత ఎత్తులో పెడతారు, బయటి కరెంటు పోతే ఎన్నాళ్లు చల్లార్చగలరు అని అడగండి.

వేట సంగతికి నా దగ్గర తియ్యటి జవాబు లేదు. అణు ప్లాంటు పుట్టించే వేడిలో కరెంటయ్యేది మూడోవంతే, మిగతా రెండొంతులూ సముద్రంలోకే. ఆరు ఏపీ1000లంటే దాదాపు 13 వేల మెగావాట్ల వేడి. వదిలే నీటికీ సముద్రానికీ తేడా 7 డిగ్రీలు దాటకూడదని రూలుంది. ఆ గొట్టం తీరం నుంచి ఎంత దూరంలో తెరుచుకుంటుందన్నది మీకు అన్నిటికంటే ముఖ్యం. నేనైతే ఆరు వద్దంటాను, మొదట రెండు చాలు.

రణస్థలం కుర్రాడు:
మాస్టారూ, భూమి పోనోళ్లకి, అంటే వేటగాళ్లకి, నష్టపరిహారం వస్తుందా?

కైగా రిటైర్డ్:
చట్టం ప్రకారం భూమి మీద ఆధారపడి బతికేవాళ్లకీ, నీటి మీద బతికే వేటగాళ్లకీ హక్కుంది, కానీ పేరు లిస్టులో ఉంటేనే. బోటు యజమానులతో పాటు వల లాగే కూలీల పేర్లూ రాయించండి. గ్రామసభ తీర్మానంలో ఆ మాట రాతపూర్వకంగా పడేదాకా సంతకాలు పెట్టకండి.