చలికాలం డీజిల్ జీపుకు బ్లాక్ హీటర్ పెట్టించాలా?

ఉట్నూరు రైతు:
అన్నలూ, మాది ఉట్నూరు దగ్గర పల్లె. పాత డీజిల్ జీపులో కూరగాయలు వేసుకుని మబ్బులనే ఆదిలాబాద్ బయలుదేరాలి. డిసెంబర్ వచ్చిందంటే టెన్షనే, సెల్ఫ్ ఎంత కొట్టినా తెల్ల పొగ వస్తుంది గానీ ఇంజన్ అందుకోదు, చివరికి పక్కింటోళ్లను లేపి తోయించాలి. ఎండ పడ్డాక ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్. కెనడా వీడియోల్లో ఇంజన్‌కు కరెంటు హీటర్ (బ్లాక్ హీటర్) బిగించి రాత్రి ప్లగ్గులో పెడుతున్నారు, ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కూడా. పెట్టించమంటారా? అప్పటిదాకా ఇంజన్ కింద గడ్డి మంట వేయమని ఊళ్లో చెబుతున్నారు, వేయొచ్చా?

హన్మకొండ డీజిల్ మెకానిక్:
తమ్ముడూ, మంట మాత్రం వద్దే వద్దు. పాత జీపుకు ఆయిల్ చాంబర్ దగ్గరో డీజిల్ పైపు దగ్గరో ఎంతో కొంత లీకు ఉంటుంది, అంటుకుంటే బండి దక్కదు.

తెల్ల పొగ వస్తోందంటే డీజిల్ లోపలికి వస్తోంది, మండడం లేదు. పొగే లేకపోతే డీజిల్ పైపులో ఎయిర్ పట్టిందేమో అనేవాణ్ణి. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ఉండదు కదా, గాలిని నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి, చలికి ఆ వేడిని చల్లటి ఇనుము లాగేసుకుంటుంది. ఆ లోటు తీర్చడానికే ఇంజన్ లోపల ఎర్రగా కాలే హీటర్ ప్లగ్గులు. మీటర్ మీద హీటర్ లైటు వెలిగి ఆరినంత మాత్రాన అవి బాగున్నట్టు కాదు, చాలా బండ్లలో ఆ లైటు టైమర్ ప్రకారం ఆరిపోతుంది. ప్లగ్గులన్నిటికీ కరెంటు అందించే పట్టీ విప్పి, టెస్ట్ లైటు క్లిప్పును బ్యాటరీ ప్లస్‌కు తగిలించి, మొనతో ఒక్కో ప్లగ్గు తలను తాకించు. లైటు వెలగలేదంటే ఆ ప్లగ్గు పోయినట్టే. అన్నీ వెలిగితే రిలే (ప్లగ్గులకు కరెంటు వదిలే స్విచ్) నుంచి పట్టీకి కరెంటు వస్తోందా చూడు. సెల్ఫ్ బరువుగా తిరుగుతుంటే బ్యాటరీ కూడా చూడాలి, కొట్టేటప్పుడు 9.6 వోల్టుల కంటే కిందికి పడకూడదు.

ఎడ్మంటన్‌లో ఉండే కరీంనగర్ వాసి:
ఇక్కడ మైనస్ 30 దాకా పోతుంది, అందుకే బండి ముందు హీటర్ కరెంటు ప్లగ్గు వేలాడుతుంటుంది. ఇంజన్ బ్లాక్‌కు ఉండే ఒక కోర్ ప్లగ్గు (బ్లాక్ రంధ్రాన్ని మూసే రేకు మూత) తీసేసి అక్కడ హీటర్ బిగిస్తారు, అది కూలెంట్‌ను (ఇంజన్‌లో తిరిగే నీళ్లను) వేడి చేస్తుంది. రాత్రంతా అక్కర్లేదు, టైమర్ పెట్టి బయలుదేరే ముందు మూడు నాలుగు గంటలు చాలు. సాధారణంగా మైనస్ 15 దాటితేనే పెడతాం. ఆదిలాబాద్ చలి ఎంత కొరికినా సున్నా పైనే ఉంటుంది కాబట్టి బండి బాగుంటే దీనితో పని లేదు.

ఇంకో ముఖ్యమైన మాట. ఇక్కడివి 120 వోల్టుల హీటర్లు. మన 230కి పెడితే మూడున్నర రెట్లకు పైగా పవర్ లాగి ఎలిమెంట్ మాడిపోతుంది. 230వి కొన్నా, ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేకుండా హీటర్ లీకైతే బండి బాడీకి కరెంటు వస్తుంది, చెయ్యి వేసినవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది.

ఉట్నూరు రైతు:
చాలా థాంక్స్ అన్నలూ. టెస్ట్ లైటు పెట్టి చూస్తే నాలుగింట్లో రెండే వెలిగాయి! కొత్తవి వేయించేదాకా ఎయిర్ ఫిల్టర్‌లోకి స్టార్టింగ్ స్ప్రే కొట్టొచ్చా?

హన్మకొండ డీజిల్ మెకానిక్:
కొట్టకు. మిగతా రెండు ప్లగ్గులు ఎర్రగా కాలుతుంటాయి, స్ప్రే తగలగానే లోపల పేలి పిస్టన్ పగలొచ్చు. రెండు రోజులు వాలులో ఆపుకుని నెట్టించుకో. వేయించేటప్పుడు నాలుగూ ఒకే కంపెనీవి మార్పించు. పాతవి మసి పట్టి బిగుసుకుపోయి ఉంటాయి, ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మెల్లగా తిప్పమను, చల్లగా ఉన్నప్పుడు బలవంతం చేస్తే హెడ్‌లోనే విరిగిపోతాయి.