ట్రామెల్ అల్టిమా ఆన్‌లైన్‌ను బతికించిందా, చంపిందా?

బ్రిటన్_బ్యాంకు (చర్చ ప్రారంభం)

పాత ఆన్‌లైన్ ఆటల ముచ్చట ఎక్కడ మొదలైనా చివరికి ఈ గొడవ దగ్గరికే వస్తోంది, అందుకే దీనికి విడిగా చర్చ పెడుతున్నా.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. అల్టిమా ఆన్‌లైన్ 1997 సెప్టెంబర్‌లో వచ్చింది. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఆరిజిన్ సిస్టమ్స్ చేసింది, యజమాని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్. విడుదలకు ముందు పరీక్షించే బీటా సీడీలు పంపే ఖర్చుకు 5 డాలర్లు కట్టమంటే దాదాపు 50,000 మంది కట్టారు. ఇంతమంది వస్తారని కంపెనీ కూడా ఊహించలేదు. ఊళ్లలో గార్డులు ఉంటారు, ఊరు దాటితే ఎవరు ఎవరినైనా చంపొచ్చు, శవం మీదున్నదంతా దోచుకోవచ్చు. 2000లో రినైసెన్స్ విస్తరణతో లోకాన్ని రెండు చేశారు. పాత నియమాలు ఫెలూకాలో ఉండిపోయాయి. అదే మ్యాప్‌కు నకలు ట్రామెల్, అక్కడ ఎదుటివాడి ఒప్పుదల లేకుండా దాడి కుదరదు.

ఇది ఆటను కాపాడిందా, నాశనం చేసిందా? నియమాలు, లెక్కలు, కారణాలతో చెప్పండి. "ఆ రోజులే వేరు" అనే పోస్టులు వద్దు.

మాండ్రేక్_వేరు

కాపాడింది. ఎందుకో చూడాలంటే, పీకేకి (తోటి ఆటగాళ్లను చంపేవాడికి) ఒక హత్యకు ఎంత ఖర్చయ్యేదో లెక్కేస్తే చాలు.

కొత్తగా వచ్చినవాడు గనికి వెళ్లి గంట తవ్వి ఇనుము మోసుకొస్తుంటాడు. పీకే చోటు గుర్తుంచుకునే రూన్ రాయి పట్టుకుని రీకాల్ మంత్రంతో అక్కడ దిగుతాడు, "కార్ప్ పోర్" అనే దాడి మంత్రం రెండు మూడుసార్లు వేస్తాడు, దోచుకుంటాడు, మళ్లీ రీకాల్‌తో మాయమవుతాడు. రీకాల్‌కి కావాల్సింది బ్లాక్ పెర్ల్, బ్లడ్‌మాస్, మాండ్రేక్ అనే మంత్ర దినుసులు ఒక్కొక్కటి. కొన్ని గోల్డ్ నాణేల పని. పోగొట్టుకున్నవాడికి మాత్రం ఆ సాయంత్రం మొత్తం పోయింది. అతని సంచిలో ఇంటి తాళంచెవి కూడా ఉంటే ఇల్లే పోయింది, ఎందుకంటే మొదట్లో తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాడు నేరుగా లోపలికి నడిచిపోవచ్చు.

ఆరిజిన్ చేతులు కట్టుకుని కూర్చోలేదు. వరసగా మందులు వేసింది, ఏదీ పనిచేయలేదు.

మొదటిది నోటోరైటీ. మంచివాణ్ణి చంపితే పేరు చెడుతుంది. కానీ నాలుగు రాక్షసుల్ని చంపితే మళ్లీ బాగుపడుతుంది కాబట్టి పీకేలు మధ్యమధ్యలో మంచి పేరు సంపాదించి వచ్చేవారు. రెండోది వెల కట్టడం. హంతకుడి తల కోసి గార్డుకు ఇస్తే డబ్బు. హంతకుడు తన స్నేహితుడి చేతిలోనే చచ్చి ఆ డబ్బు ఇద్దరూ పంచుకునేవారు. మూడోది 1998లో వచ్చిన రెప్యుటేషన్ పద్ధతి. చచ్చినవాడికి తెర మీద "ఇతన్ని హంతకుడిగా రిపోర్ట్ చేస్తావా" అని అడుగుతుంది, అలాంటివి ఐదు చేరితే పేరు ఎర్రబడుతుంది. ఎర్రపేరుతో గార్డులున్న ఊళ్లో అడుగుపెడితే అక్కడికక్కడే చావు. ఎర్రపేరువాడు చచ్చి లేచినప్పుడు స్కిల్స్‌లో కోత కూడా పెట్టారు.

దీనికీ కంత కనిపెట్టారు. రిపోర్టులతో చేరే తాత్కాలిక కౌంట్ ఒక్కోటి 8 గంటలకు, శాశ్వత కౌంట్ ఒక్కోటి 40 గంటలకు తగ్గుతుంది. ఆ గంటలు ఆటలో లాగిన్ అయి ఉన్న గంటలు. దయ్యంగా ఉన్నా గడియారం నడుస్తుంది! చచ్చిన పీకే రాత్రంతా కంప్యూటర్ ఆన్‌లో ఉంచి, కౌంట్లు దిగాక లేచేవాడు. కోత తగిలేది కాదు. ఒక అకౌంట్‌కు షార్డ్‌లో (ఒక సర్వర్‌లోని లోకంలో) ఐదు పాత్రలు ఉండేవి కాబట్టి ఊళ్లో కొనుగోళ్లు చేయడానికి హత్యల లెక్క లేని ఒక నీలిపేరు పాత్ర ఎలాగూ సిద్ధం. శిక్ష పాత్రకు పడింది, మనిషికి పడలేదు.

ఇంతలో 1999 మార్చిలో ఎవర్‌క్వెస్ట్ వచ్చింది. అక్కడ మామూలు సర్వర్లలో మిమ్మల్ని చంపేది రాక్షసులు మాత్రమే. కొత్తవాళ్లు అటు పోయారు. ఇంకో దారి ఏదో చెప్పండి, వింటా.

ఎర్రపేరు_5కౌంట్లు

మాండ్రేక్ గారూ, మీ చరిత్ర సరిగ్గానే ఉంది, ముగింపు దగ్గరే నాకు పేచీ. "ట్రామెల్ వచ్చింది, జనం పెరిగారు, కాబట్టి భద్రత వల్లే పెరిగారు" అనేది తొందరపాటు.

రినైసెన్స్‌తో వచ్చింది భద్రత ఒక్కటే కాదు. ఖాళీ నేల వచ్చింది. 2000 నాటికి పాత షార్డ్‌లలో చిన్న ఇల్లు వేసుకోవడానికి కూడా జాగా దొరికేది కాదు. 43,800 గోల్డ్ పెట్టి చిన్న ఇంటి పత్రం కొన్నవాడు అడవంతా తిరిగి వెనక్కి వచ్చేవాడు, 10,22,800 పెట్టి కోట పత్రం కొన్నవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. కోటకు 31×31 చదరాల చదునైన నేల కావాలి. అలాంటి చోట అచ్చంగా అంతే పెద్ద మ్యాప్ ఒకటి ఖాళీగా తెరిచారు. పాతవాళ్లు రెండో అకౌంట్ తీసుకోవడానికి ఇంతకంటే కారణం కావాలా?

రెండోది జపాన్. యమాటోతో మొదలుపెట్టి అసుకా, వకోకు, హొకుటో, మిజుహో, ఇజుమో దాకా షార్డ్‌లు తెరుచుకుంటూ పోయాయి. ఆ పెరుగుదలను ట్రామెల్ ఖాతాలో రాయలేం. మూడోది, సుమారు 2,50,000 చందాదారుల శిఖరం 2003లో వచ్చింది, అంటే మూడేళ్ల తర్వాత.

ఇక పోగొట్టుకున్నది చూడండి. ఫెలూకాలో కమ్మరికి పని ఉండేది. గ్రాండ్‌మాస్టర్ కమ్మరి చేసిన కవచం మీద అతని పేరు పడుతుంది. అది వాడతారు, పోగొట్టుకుంటారు, మళ్లీ కొంటారు. అదే కమ్మరి దగ్గరికి పీకే కూడా వచ్చేవాడు, పీకేని వేటాడేవాడూ వచ్చేవాడు. ట్రామెల్‌లో రాక్షసుడి చేతిలో చచ్చినా నీ శవం నీకోసం ఎదురుచూస్తూ ఉంటుంది. కవచం పోదు. కమ్మరి చేసేది మరమ్మతు మాత్రమే.

షార్డ్_మేస్త్రి

ఫ్రీ షార్డ్ (అభిమానులు సొంతంగా నడిపే సర్వర్) కోడ్ మీద పనిచేసేవాళ్లకు ఈ ప్రశ్నలో ఇంకో కోణం కనిపిస్తుంది. ఇద్దరూ దాన్ని వదిలేశారు. ట్రామెల్ అలా ఉండటానికి పెద్ద కారణం అది చవక కావడం.

అసలు మ్యాప్ 6144×4096 చదరాలు, 8×8 బ్లాకులుగా ఒకే ఫైల్లో ఉంటుంది. రినైసెన్స్‌లో క్లయింట్‌కు (ఆటగాడి కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్‌కు) రెండో మ్యాప్ ఫైలు ఇవ్వలేదు. రెండు లోకాలూ అదే ఫైలు చదువుతాయి. ఫెలూకాలో మోడుబారిన చెట్లు, సమాధిరాళ్లు కనిపిస్తాయే, అది ఇంకో మ్యాప్ కాదు. సర్వర్ "రుతువు" అని ఒక చిన్న ప్యాకెట్ పంపితే క్లయింట్ చెట్ల బొమ్మలు మార్చి గీస్తుంది. ఫ్రీ షార్డ్‌లు నడిపే ప్రోగ్రాములు రన్‌యూఓ, సర్వ్‌యూఓల్లో మ్యాప్‌డెఫినిషన్స్ ఫైలు తెరిచి చూడండి. ఫెలూకా, ట్రామెల్ రెండు వరసలూ దాదాపు ఒకటే. తేడా మ్యాప్ సంఖ్య, రుతువు అంకె (ఫెలూకాకి 4, ట్రామెల్‌కి 0), పేరు, నియమాల గుర్తు. అంతే.

అంటే కొత్త ఖండం గీయకుండా, కొత్త గుహలు కట్టకుండా, కోడ్‌లో ఒక నియమం మార్చి రెండింతల లోకం ఇచ్చారు. ఎవర్‌క్వెస్ట్ తరుముతున్నప్పుడు అది అర్థమయ్యే నిర్ణయమే.

కానీ పాపం కూడా అక్కడే ఉంది. అన్నీ ఉన్న నకలు కాబట్టి ఫెలూకాకి వెళ్లాల్సిన అవసరం ఒక్కటీ మిగల్లేదు. అదే బ్రిటన్ నగరం, అవే గనులు, అదే డెస్టార్డ్ గుహలో అవే డ్రాగన్లు, చావు భయం లేకుండా. భద్రమైన నేల మొత్తంలో మూడో వంతు పెట్టి, మంచి ఖనిజం, పెద్ద రాక్షసులు బయట ఉంచి ఉంటే జనం అటూ ఇటూ తిరిగేవారు. నా దృష్టిలో తప్పు భద్రత ఇవ్వడం కాదు, మ్యాప్ మొత్తాన్ని నకలు తీయడం.

ఫ్రీ షార్డ్ పెట్టేవాళ్లు ఇదే గుంటలో మళ్లీ మళ్లీ పడుతున్నారు. ఒకేసారి యాభై మంది ఆడే షార్డ్‌లో డిఫాల్ట్‌గా వచ్చిన అన్ని ఫేసెట్లూ (ట్రామెల్, ఫెలూకా లాంటి లోకాలు) తెరిచి పెడతారు. బ్యాంకు దగ్గర మనిషి కనిపించడు. వెండర్ల దగ్గర అమ్మకాల్లేవు. వారంలో ఖాళీ. తక్కువ జనం ఉంటే ఒక్క ఫేసెట్ తెరవండి, మిగతా వాటికి లోకాల మధ్య తిరగడానికి వాడే మూన్‌గేట్ జాబితాలోంచే పేరు తీసేయండి.

సావిత్రి_సీర్

మేస్త్రి గారు చెప్పిన నకలు సంగతికి నేను అభిమానుల వైపునుంచి ఒకటి కలుపుతా.

ఈ ఆటలో మొదటి రెండేళ్ల కథలన్నీ ఆటగాళ్లు కట్టుకున్నవే. 1997 ఆగస్టు బీటాలో ఆట సృష్టికర్త రిచర్డ్ గారియట్ పాత్ర లార్డ్ బ్రిటిష్‌ని రెయిన్జ్ అనే ఆటగాడు ఫైర్ ఫీల్డ్ స్క్రోల్‌తో చంపేశాడు. సర్వర్ పడి లేచాక ఆ పాత్రకు చావులేని గుర్తు మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయారు. కథను కంపెనీ ఒక్కటే రాయదని అప్పుడే అందరికీ తెలిసిపోయింది. తర్వాత ఆటగాళ్లు ఇళ్లు దగ్గరదగ్గరగా వేసుకుని ఊళ్లు కట్టారు, సత్రాలు నడిపారు, రాత్రిపూట కాపలా దళాలు పెట్టారు. స్ట్రాటిక్స్ వెబ్‌సైట్‌లో రియాజెంట్ల (మంత్ర దినుసుల) పట్టికలు, గుహల దారులు రాసిపెట్టింది అభిమానులే. లమ్ ద మ్యాడ్ పేరుతో స్కాట్ జెన్నింగ్స్ ఆరిజిన్ నిర్ణయాలను ఏకిపారేస్తూ రాసిన పేజీలకు ఎంత పలుకుబడి వచ్చిందంటే, ఆయన తర్వాత మిథిక్ అనే ఆటల కంపెనీలో చేరి డార్క్ ఏజ్ ఆఫ్ క్యామెలాట్ మీద పనిచేశారు. ఆ ఆటలో రాజ్యాల మధ్య యుద్ధం సరిహద్దు నేలలకు పరిమితం, ఇంటి నేల భద్రం. మేస్త్రి గారు అడుగుతున్నది 2001లో అక్కడ చేసి చూపించారు.

ట్రామెల్ వచ్చాక కాపలా దళానికి కాపలా కాసే పని లేదు. పోట్లాట ఇష్టంలేని దర్జీ, చేపలు పట్టేవాడు వెళ్లిపోతే, వాళ్లను కాపాడటమే తన కథ అనుకున్న యోధుడు ఎవరిని కాపాడాలి? పీకేలను ద్వేషించిన పీకే వ్యతిరేక గిల్డులు (ఆటగాళ్ల సంఘాలు) కూడా ఫెలూకాతోపాటే ఎండిపోయాయి. నాకు అన్నిటికంటే బాధ కలిగించే నష్టం ఇది.

ఇంకొకటి. విడుదలకు ముందు ఆట రూపకర్త రాఫ్ కోస్టర్ బృందం జంతువులకు ఆకలి, తిండి, గూడు అన్నీ కోడ్‌లో పెట్టింది. తోడేళ్లు కుందేళ్లను తినాలి, కుందేళ్లు తగ్గితే తోడేళ్లు ఊళ్ల వైపు రావాలి. ఆటగాళ్లు కనిపించిన ప్రతి జంతువునీ పుట్టిన వెంటనే చంపేశారు. ప్రతి జంతువూ చుట్టూ వెతుక్కోవడం సర్వర్‌కూ భారమైంది. ఆ వ్యవస్థ తీసేయాల్సి వచ్చింది. ఆటగాళ్ల మధ్య వేట కూడా అలాగే నడిచింది. వేటాడేవాడికి ఆకలి తీరడం అనేది లేదు, కాబట్టి వేట ఆగే చోటు లేదు.

ఎర్రపేరు_5కౌంట్లు

సావిత్రి గారి చివరి మాటకు జవాబు: ఆకలి లేకపోతే ఆకలి పెట్టొచ్చు. 1999లోనే తెరిచిన సీజ్ పెరిలస్ షార్డ్ అదే చేసింది. అకౌంట్‌కు ఒక్కటే పాత్ర, కాబట్టి నీలిపేరు తమ్ముడు సరుకు తెచ్చిపెట్టడు. రీకాల్ పనిచేయదు, కాబట్టి దోచుకుని మాయమవడం కష్టం. దుకాణాల్లో ధర మూడింతలు. అక్కడ ట్రామెల్ అనేదే లేదు. పీకేని అందరూ పేరుపెట్టి ఎరుగుదురు, వాడికి ఎవరూ సరుకు అమ్మకపోతే బతుకు లేదు.

మాండ్రేక్_వేరు

మరి సీజ్‌లో జనం ఎందుకు ఎప్పుడూ పలచగానే ఉన్నారు?

ఎర్రపేరు_5కౌంట్లు

ఎందుకంటే పీకే నియమంతోపాటు స్కిల్ పెరుగుదలను కూడా గంటకింత అని కట్టేశారు, దుకాణదారు మన సరుకు కొనడు. కొత్తవాడికి అడ్డు అదే, హత్య కాదు. మామూలు షార్డ్‌లో అకౌంట్‌కు లెక్కపడే కౌంట్లు, ఒక్క ఎర్ర పాత్ర, ఈ రెండే పెట్టి చూడాల్సింది. ఎవరూ పెట్టి చూడలేదు.

ఇంకో సాక్ష్యం: తర్వాత ఫెలూకాలో తవ్వితే రెట్టింపు ఖనిజం అన్నారు. 2002లో స్కిల్ హద్దును 120 దాకా పెంచే పవర్ స్క్రోల్స్‌ను చాలావరకు ఫెలూకా ఛాంపియన్ స్పాన్లకే (అలలుగా వచ్చే రాక్షసులతో పోరాటాలకే) ఇచ్చారు. నేల ఖాళీ అయిందని వాళ్లకే తెలిసింది కాబట్టే గదా లంచం ఇచ్చారు.

మాండ్రేక్_వేరు

లంచం ఇస్తే తప్ప రానివాళ్లు అంతకుముందు ఇష్టపడి ఉన్నట్టా? వేరే చోటు లేక ఉన్నారు. పవర్ స్క్రోల్స్‌తో జరిగిందేమిటి? స్పాన్ పూర్తయ్యే ముందు బలమైన గిల్డు వచ్చి అందరినీ చంపి స్క్రోల్స్ పట్టుకుపోయింది, వాటినే ట్రామెల్ ఆటగాళ్లకు భారీ ధరకు అమ్మింది.

కమ్మరి దెబ్బతిన్నది ట్రామెల్ వల్ల అన్నారు. 2003 ఫిబ్రవరి నాటి ఏజ్ ఆఫ్ షాడోస్ సంగతి ఎందుకు ఎత్తరు? రాక్షసుల దగ్గర దొరికే మాయా వస్తువులు కమ్మరి పనిని మింగేశాయి. వస్తువుకు 600 గోల్డ్ బీమా కడితే ఫెలూకాలో చచ్చినా అది పోదు. పూర్తి దోపిడీని తీసేసింది ఆ బీమా. మీరు చెప్పిన 2003 శిఖరం తర్వాత కిందికి దిగడం కూడా అక్కడినుంచే. ఆ నింద ట్రామెల్‌కి వేయకండి.

షార్డ్_మేస్త్రి

బీమా విషయంలో మాండ్రేక్ గారితో ఏకీభవిస్తా. ఎర్రపేరు చెప్పిన ప్రయోగం చేయాలనుకునేవాళ్లకు కోడ్ వైపు జాగ్రత్తలు చెబుతా, మొదటిసారి చాలామంది ఇక్కడ తడబడతారు.

ఐదు కౌంట్ల హద్దును పాత్ర దగ్గర కాకుండా అకౌంట్ దగ్గర లెక్కించడం తేలిక. అకౌంట్‌కు ఒక ట్యాగ్ పెట్టి, రిపోర్ట్ గంప్ (ఆ ప్రశ్న అడిగే కిటికీ) నొక్కినప్పుడు దాన్ని పెంచండి, నోటోరైటీ ఫైల్లో రంగు నిర్ణయించే చోట దాన్ని చదవండి. తగ్గించేటప్పుడు కూడా అదే ట్యాగ్ తగ్గించాలి, లేదంటే ఒకసారి ఎర్రబడ్డ అకౌంట్ ఎప్పటికీ ఎర్రగానే ఉంటుంది.

దయ్యం కిటుకు ఆపడమే కష్టం. చాలామంది కౌంట్ తగ్గించే ఫంక్షన్ మొదట్లో "బతికి లేకపోతే వెనక్కి వెళ్లు" అని ఒక వరస రాసి వదిలేస్తారు. పనిచేయదు. ఆ కోడ్ తదుపరి గడువును పాత్ర మొత్తం ఆట సమయంతో పోలుస్తుంది. చచ్చి ఉన్నప్పుడూ ఆ సమయం పెరుగుతూనే ఉంటుంది. 40 గంటలు దయ్యంగా ఉన్నవాడు లేవగానే గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, తనిఖీ నడిచిన ప్రతిసారీ ఒక్కో కౌంట్ ఊడిపోతుంది. వాయిదా పడుతుంది తప్ప ఆగదు. చచ్చిన క్షణంలో ఆట సమయాన్ని ఒక చోట దాచండి. లేచినప్పుడు ఎంతసేపు దయ్యంగా ఉన్నాడో తీసి, 8 గంటల గడువుకూ 40 గంటల గడువుకూ రెండింటికీ కలపండి. దాచిన సమయాన్ని సేవ్ ఫైల్లో కూడా రాయాలి. రాయకపోతే సర్వర్ రీస్టార్ట్‌తో అది సున్నా అవుతుంది, అప్పుడు లేచినవాడికి వాడి మొత్తం ఆట సమయం గడువుకు కలిసిపోయి వందల గంటలు ఎర్రగా ఉండిపోతాడు.