సమస్య: “చావు లేనివాఁడు చచ్చిపోయె”

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది పాదం ఇస్తున్నాను. దేహం, ఆత్మ, మృత్యువుల గురించి ఏ మతంవారి నమ్మకాన్నైనా తీసుకోవచ్చు. పాదాన్ని మాత్రం మార్చకండి.

అహోబిలం సభ్యుడు:

పగలు రేయి గాని పావన సంధ్యలో
ఇంట బయట గాని యిరవునందు
గోళ్ళ నృహరి చీల్చ గొప్ప వరముఁ గొన్న
చావు లేనివాఁడు చచ్చిపోయె

నిర్వాహకుడు: ధార బాగుంది. సంధ్య, గడప, గోళ్లు మూడూ ఇమిడాయి. అయితే హిరణ్యకశిపుడు చావు లేకుండా చేసుకోబోయింది శరీరానికే. అందుకే వైరుధ్యం సులువుగా విడిపోయింది.

గుంటూరు సభ్యురాలు:

సిలువ మీఁద నేసు జీవమ్ము విడనాడె
మూఁడు నాళ్ళ లేచె మోము వెలుఁగ
జనుల పాపభరము సర్వమ్ముఁ దా మోసి
చావు లేనివాఁడు చచ్చిపోయె

తెనాలి సభ్యుడు: అమ్మా, మూడో పాదం ఎంతో బరువుగా ఉంది. కానీ ‘జీవమ్ము విడనాడె’, ‘చచ్చిపోయె’ పునరుక్తి. మొదటి పాదం “సిలువ నెక్కి యేసు సిగ్గును భరియించె” అంటే? పైగా రెండో పాదంలో లేచినవాడు నాలుగో పాదంలో మరణిస్తున్నాడు.

గుంటూరు సభ్యురాలు: సవరణ తీసుకుంటున్నానండీ. క్రమం మాత్రం కావాలనే. శుభ శుక్రవారం సిలువ ఎదుట నిలబడే విశ్వాసికి పునరుత్థానం ముందే తెలుసు. క్రీస్తు ఒక్కడే, ఆయనలో దైవ, మానవ స్వభావాలు కలిసిపోకుండా, విడిపోకుండా ఉన్నాయని 451లో క్రైస్తవ మతాచార్యుల కాల్సిడన్ సభ నిర్ణయించింది. దైవానికి చావు లేదు. మనిషిగా మరణించాడు. ఇద్దరూ ఒక్కరే. అందుకే పాదాన్ని విరవలేదు. మాకది ఉన్నది ఉన్నట్టుగానే నిజం.

నిర్వాహకుడు: సమస్యను విడగొట్టకుండా ఒప్పుకున్న పూరణ! నాకిది బాగా నచ్చింది.

హనుమకొండ సభ్యుడు (కఠోపనిషత్తులో బాలుడు నచికేతునితో యముడు):

మేను రథము, బుద్ధి మేలైన సారథి,
మనసు పగ్గ, మాత్మ మహిత రథియె;
రథము విఱిగెఁ గాని రథి విఱుగునె? యెట్లు
చావు లేనివాఁడు చచ్చిపోయె?

తెనాలి సభ్యుడు: ప్రశ్నగా తిప్పడం హాయిగా ఉంది. ఇంద్రియాలనే గుర్రాలేవీ? పైగా కఠోపనిషత్తులో ఆ రథం చావు గురించి కాదు. సారథికి వివేకం లేకపోతే గమ్యం చేరక సంసారంలో పడతామని చెప్పడానికి. ఆత్మ పుట్టదు, చావదు అన్నమాట అంతకుముందు వల్లి (అధ్యాయం)లోనే వచ్చింది. మీరు రెంటినీ కలిపేశారు.

హనుమకొండ సభ్యుడు: తెలిసే కలిపాను. మూడో వరంగా ఆ పిల్లవాడు అడిగింది, పోయినవాడు ఉన్నాడా లేడా అనే కదా! దానికి రథంతోనే జవాబు చెప్పించాలనిపించింది. గుర్రాలకు వేరే పద్యం రాస్తాను.