సమస్యాపూరణం: చేప దీపమయ్యె చీకటింట

నిర్వాహకుడు:
మిత్రులందరికీ నమస్కారం. ఈవారం సమస్య ఆటవెలదిలో.

చేప దీపమయ్యె చీకటింట

నాలుగో పాదంగా వాడుకోండి, రెండో పాదంగానైనా సరే. మామూలుగా విషయం మీ ఇష్టానికే వదిలేస్తాను. ఈసారి ఒక షరతు ఉంది: తిమింగలాల వేట ఓడ ‘గ్లోబ్’ మీద జరిగిన తిరుగుబాటును దృష్టిలో పెట్టుకుని పూరించాలి. కథ తెలియనివారి కోసం నాలుగు ముక్కలు చెప్తాను.

అమెరికాలోని నాన్‌టకెట్ వాళ్ళ ఓడ అది. 1822 డిసెంబరులో పసిఫిక్ వేటకు బయలుదేరింది. కెప్టెన్ థామస్ వర్త్. వేట పడవల్లో హార్పూన్ (తాడు కట్టిన ఈటె) విసిరేవాళ్ళలో శామ్యూల్ కామ్‌స్టాక్ ఒకడు. అతని తమ్ముడు జార్జ్ కూడా అదే ఓడలో ఉన్నాడు. హవాయిలో ఆగినప్పుడు ఆరుగురు పారిపోతే, రేవులో ఎవరు దొరికితే వాళ్ళను ఎక్కించుకున్నారు. తిండి బాగోలేదని గొణుగుడు ఎలాగూ ఉంది. దానికి తోడు కెప్టెన్ ఒక నావికుణ్ణి తాడుతో చావబాదాడు. ఇక ఆగలేదు. 1824 జనవరి 25 అర్ధరాత్రి దాటాక (అంటే 26, మన గణతంత్ర దినం తేదీయే, కాకతాళీయం) శామ్యూల్ గొడ్డలి పట్టుకుని కిందికి దిగాడు. తెల్లారేసరికి కెప్టెనూ, అతని కింది అధికారులైన ముగ్గురు మేట్లూ లేరు.

అప్పుడు చుక్కాని దగ్గర ఉన్నది జార్జే. పదిహేనేళ్ళవాడు. తన వంతు అయిపోయింది, ఇంకో మనిషి రావాలని పిలుపు గిలక్కాయ ఆడించాడు. వచ్చింది అన్న. చప్పుడు చేశావంటే నరకానికి పంపిస్తానన్నాడు.

ఇక మీ వంతు.

పెన్నేటి గట్టు:
గురువుగారూ, నమస్సులు. నా పూరణ:

తనదు తోలు కాల్చి తన కొవ్వు కరగించి
పీపలందు నింపి పెద్ద యోడ
రేవు చేర్చినంత రేయెల్ల వెల్గుచు
చేప దీపమయ్యె చీకటింట.

నిర్వాహకుడు:
పెన్నేటి గట్టు గారూ, గణాలూ యతులూ నిక్షేపంగా ఉన్నాయి. ‘తనదు తోలు కాల్చి’ దగ్గర ఆగిపోయాను. తెలియనివాళ్ళు దాన్ని కవి అతిశయోక్తి అనుకుంటారు, కానీ అక్షరాలా నిజం. ఆ ఓడల డెక్కు మీద ఇటుకలతో కట్టిన పొయ్యి, దాని మీద పెద్ద ఇనప బానలు ఉండేవి. నడి సముద్రంలో కట్టెలు ఎక్కడివి? మొదట కాసిని కట్టెలతో రాజేసి, తర్వాత దీపాల నూనె కోసం కొవ్వు కరిగించాక మిగిలిన తునకల్నే పొయ్యిలో వేసేవాళ్ళు. అంటే తిమింగలాన్ని తిమింగలంతోనే వండేవాళ్ళు. ఆ పొగ కంపు బట్టలకు పట్టి వదిలేది కాదు. ఇదంతా ఒక్క పాదంలో ఇరికించారు. భేష్!

అయితే ఇది వేట గురించిన పద్యమే తప్ప తిరుగుబాటు గురించి కాదు. షరతు సగమే తీరింది.

ఇంజనీరు పద్యాలు:
నిర్వాహకుల వారు మన్నించాలి. తిమింగలం చేప కాదు, క్షీరదం. పిల్లకు పాలిస్తుంది, ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. మరి సమస్యలోనే దోషం ఉన్నట్టు కదా?

నిర్వాహకుడు:
ఈ ప్రశ్న వస్తుందని ఎదురుచూస్తూనే ఉన్నాను. ఇదే గొడవ 1818లో న్యూయార్క్ కోర్టుకెక్కింది. చేపనూనె పీపాలను తనిఖీ చేయించి రుసుము కట్టాలని అక్కడ చట్టం ఉండేది. ఒక వ్యాపారి తన దగ్గరున్నది తిమింగలం నూనె కాబట్టి కట్టనన్నాడు. శామ్యూల్ మిచిల్ అనే శాస్త్రవేత్త బోనెక్కి, తిమింగలం చేప కాదని మీలాగే కారణాలన్నీ చెప్పాడు. అంతా విన్న జ్యూరీ, చేపేనని తీర్పిచ్చింది! గ్లోబ్ రేవు విడిచింది ఆ తర్వాత నాలుగేళ్ళకే. కాబట్టి ఆ ఓడ మీది మనుషుల నోట్లో చేప అన్న మాట తప్పు కాదు. శాస్త్రం మీ పక్షం, సమస్య నా పక్షం.

తులసికోట:
సరదాగా ఒకటి, గురువుగారూ. షరతు మీరాను, ముందే చెప్తున్నా.

ప్రళయ జలధి నడుమ పడవకు దారియై
మనువుఁ గావ వచ్చె మాధవుండు;
జగమె చీకటిల్లు; సామియే వెలుఁగాయె;
చేప దీపమయ్యె చీకటింట.

నిర్వాహకుడు:
అమ్మా, మీరు మత్స్యావతారంతో వస్తారని నాకు ముందే అనుమానం. సమస్యలో చేప కనిపిస్తే మనవాళ్ళు మనువు పడవ ఎక్కకుండా ఉండలేరు. పద్యానికి వంక పెట్టే పని లేదు. ‘జ’కు ‘సా’తో యతి చెల్లుతుంది. ‘జగమె చీకటిల్లు’ అని ఇంటిని జగత్తంత చేశారు, అది మంచి ఊహ. షరతు మీరినందుకు జరిమానా: గ్లోబ్ మీద ఇంకో పద్యం బాకీ.

రేవు పాట:
గురువుగారూ, నేను కొత్త సభ్యుణ్ణి. పద్యాలు రాయడం ఈమధ్యే మొదలుపెట్టాను. పోస్టు చేయాలంటేనే టెన్షన్‌గా ఉంది. తప్పులుంటే చెప్పండి.

ఓడ లోన దాగి యొంటరి బాలుడు
కటిక చీకటందు కడలి దాటె;
అన్న కత్తి పట్టగా నదరక నిల్చె;
చేప దీపమయ్యె చీకటింట.

నిర్వాహకుడు:
రేవు పాట గారూ, స్వాగతం. టెన్షన్ ఎందుకండీ, ఇక్కడ అందరం నేర్చుకుంటున్నవాళ్ళమే. గణాలు నాలుగు పాదాల్లోనూ సరిపోయాయి, అదే పెద్ద విషయం. ముందు ఛందస్సు సంగతి చూద్దాం. మూడో పాదంలో యతి తప్పింది. నాలుగో గణం ‘గా’తో మొదలైంది, అక్కడ అకారం పడాలి. ‘అన్న కత్తి దూయ నదరక నిలిచెను’ అంటే సరిపోతుంది. ‘చీకటందు’ సాధువు కాదు, ‘చీకటియందు’ అనాలి, అప్పుడు గణం చెడుతుంది. ‘కాళరాత్రి వేళ కడలి దాటె’ అనండి.

కానీ నేను మార్చమనేది అవి కాదు. ‘ఓడ లోన దాగి’ అన్నారు. జార్జ్ దొంగచాటుగా ఎక్కినవాడు కాదు, అన్నలాగే సిబ్బందిలో ఒకడిగా పేరు రాయించుకుని ఎక్కాడు. దాక్కుని ఓడెక్కిన కుర్రాడు, తిరుగుబాటు, సాహసం అనే కథల మూస ఒకటుంది, అది మీ చేయి పట్టుకుని రాయించింది. ‘కత్తి’ కూడా ఆ మూసలోదే, ఇక్కడున్నది గొడ్డలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ‘అదరక నిల్చె’. ఆ పిల్లవాడు అదిరాడండీ. ఏడ్చాడు. ఎందుకేడుస్తున్నావని అన్న అడిగితే, నన్ను కొడతారేమోనని భయంగా ఉందన్నాడు. అలా మాట్లాడితే నేనే కొడతానన్నాడు అన్న. అంతేకాదు, తర్వాత రోజుల్లో విలియం హంఫ్రీస్ అనే నల్లజాతి నావికుడు పిస్తోలులో మందు కూరుతుండగా చూసి, ఆ సంగతి అన్నకు చేరవేసింది ఈ జార్జే. శామ్యూల్ విచారణ అనే తంతు ఒకటి నడిపించి, హంఫ్రీస్‌ను ఓడ మీదే ఉరి తీయించాడు. భయపడ్డ పిల్లవాడు ఏం చేస్తాడో అదే చేశాడు. వాణ్ణి వీరుణ్ణి చేస్తే పద్యానికి ఊపొస్తుంది గానీ మనిషి మాయమవుతాడు.

ఇంకొకటి. మూడు పాదాలూ ఒక దారి, సమస్య ఒక దారి. చేప ఎందుకు దీపమైందో మీ పద్యంలో ఎక్కడా లేదు. అన్వయం కుదరని పూరణ ఎంత బాగున్నా పూరణ కాదు. ఒక ఆధారం ఇస్తాను. ఆ రాత్రి కింద క్యాబిన్‌లో శామ్యూల్ చేతి దీపం ఆరిపోయింది. అప్పటికి కెప్టెన్ పని అయిపోయింది. తలుపు వెనక ఇద్దరు మేట్లు మిగిలారు. ఇంకో దీపం వెలిగించుకోవడానికి పైకొచ్చాడు. ఎక్కడికి? చుక్కాని ఎదుట దిక్సూచి పెట్టెలో వెలిగే దీపం దగ్గరికి. అక్కడే తమ్ముడు నిలబడి ఉన్నాడు. వేట ఓడ మీది దీపంలో ఏ నూనె కాలుతుందో మీకు వేరే చెప్పాలా?

పెన్నేటి గట్టు:
గురువుగారూ, నా పద్యం సగం మార్కులకే పరిమితమైందని బాధపడుతుంటే, ఈ ఆధారమేదో ముందే ఇవ్వొచ్చు కదా! 😀

నిర్వాహకుడు:
ముందే ఇస్తే అందరూ ఒకే పద్యం రాస్తారు.

వాన చినుకు:
నేను రెండో పాదంగా తీసుకున్నాను.

పాఠమును జదివెడి పట్నంపు పాపకు
చేప దీపమయ్యె చీకటింట;
చదువుకొనెడి వేళ సంద్రాన బాలుఁడు
చుక్కఁ జూచి తిప్పె సుడుల నోడ.

నిర్వాహకుడు:
వాన చినుకు గారూ, చాలా బాగుంది. సమస్యను మధ్యలో వదిలేసి ముందుకెళ్ళడానికి ధైర్యం కావాలి. చివరి పాదంలో కొసమెరుపు పోయే ప్రమాదం ఉంటుంది. మీరు అక్కడ పిల్లవాణ్ణి నిలబెట్టి ఆ లోటు రానివ్వలేదు. నూనె కొనుక్కున్న ఇంటినీ, తెచ్చిన ఓడనూ పక్కపక్కన పెట్టారు, వ్యాఖ్య ఏమీ చేయలేదు. ‘సుడుల’ ఒక్కటే నచ్చలేదు. ఆ రాత్రి సుడులూ తుఫాన్లూ ఏమీ లేవు, గొడవంతా డెక్కు కిందే. యతి కోసం పడ్డ మాటలా ఉంది. ఇంకేదైనా తడితే మార్చండి, తట్టకపోయినా నష్టం లేదు.

ఇంజనీరు పద్యాలు:
నాకు ‘సుడుల’ బాగానే ఉంది. గాలి లేకపోయినా ఆ అబ్బాయి తల తిరుగుతూనే ఉండి ఉంటుంది.

నిర్వాహకుడు:
అలా సమర్థించేట్టయితే నాకు పనుండదు.

రేవు పాట:
గురువుగారూ, మీరు చెప్పినట్టు మళ్ళీ మొదటినుంచి రాశాను. పరిశీలించగలరు.

తమ్ముఁ డేడ్చుచుండ దరినున్న దిక్సూచి
దివ్వె నుండి నిప్పు తెచ్చినట్టి
యన్న చంపువేళ నతనికే వెలుఁగిచ్చి
చేప దీపమయ్యె చీకటింట.

తులసికోట:
బాబూ, చదవగానే ఒళ్ళు జలదరించింది. ‘అతనికే వెలుఁగిచ్చి’ దగ్గర ఆ ‘కే’ ఎంత పని చేసిందో! ఆ చేపను కొట్టినవాడూ అతనే కదా.

ఇంజనీరు పద్యాలు:
బాగుంది. ఒక్క సందేహం, ‘దిక్సూచి దివ్వె’ వైరి సమాసం కాదా?

నిర్వాహకుడు:
కాదండీ. తత్సమం ముందుండి తెలుగు మాట తర్వాత వచ్చింది, కాబట్టి మిశ్రసమాసం, నిక్షేపంగా చెల్లుతుంది.

రేవు పాట గారూ, ఈవారానికి ఇదే నా ఎంపిక. ‘తమ్ముఁ డేడ్చుచుండ’ అని మొదట్లోనే నిజం చెప్పేశారు, తర్వాత ఎక్కడా గొంతు పెంచలేదు. హత్య అన్న మాటే వాడలేదు. మొదటి పద్యంలో చేప వేరు, కథ వేరు. ఇందులో చేప లేకపోతే కథే నడవదు. తులసికోట గారి మాటకు ఇంకొంచెం కలుపుతాను. ఆ వెలుగులో జరిగిందాని వివరం ఇంకా దారుణం. మూడో మేట్ ఫిషర్‌కు బాయొనెట్ (గొట్టం చివర బిగించే కత్తి) ఉన్న తుపాకీ దొరికింది. దాన్ని శామ్యూల్ గుండెకు గురిపెట్టాడు కూడా. ప్రాణం తీయనని మాటిస్తే నమ్మి తుపాకీ ఇచ్చేశాడు. శామ్యూల్ అతణ్ణి కాల్చేశాడు. ఎవరైనా దీని మీద రాస్తే సీసమే తగిన ఛందస్సు, ఆటవెలదిలో పట్టదు.

వాన చినుకు:
ఆ తర్వాత జార్జ్ ఏమయ్యాడండీ? బతికాడా?

నిర్వాహకుడు:
బతికాడు. తిరుగుబాటుదారులు ఓడను ఇప్పటి మార్షల్ దీవుల్లోని మిలీ అనే పగడపు దీవికి చేర్చారు. అక్కడ వాళ్ళలో వాళ్ళకే చెడింది. కొన్నాళ్ళకే శామ్యూల్‌ను తన ముఠావాళ్ళే కాల్చి చంపారు, అప్పటికి అతనికి 21 ఏళ్ళు. ఆ రాత్రే గిల్బర్ట్ స్మిత్ అనే నావికుడూ, జార్జూ, ఇంకొందరూ మొత్తం ఆరుగురు లంగరు తాడు కోసి ఓడతో ఉడాయించారు. అధికారి ఒక్కడు లేడు. నెలల తరబడి పసిఫిక్ దాటి 1824 జూన్‌లో చిలీ దేశపు వాల్పరైజో రేవు చేరారు. దీవిలో మిగిలినవాళ్ళ మీద అక్కడి జనం తిరగబడ్డారు. ముందు దౌర్జన్యం చేసింది వీళ్ళే. విలియం లే, సైరస్ హస్సీ అనే ఇద్దరు కుర్రాళ్ళు మాత్రం బతికారు. వాళ్ళను 1825 చివర్లో అమెరికా నౌకాదళం వచ్చి తీసుకెళ్ళింది.

దీవి సంగతి అడిగారు కాబట్టి వచ్చేవారం సమస్య కూడా అక్కడినుంచే. తేటగీతి:

దీవి దొరికిన పిమ్మటే తెప్ప మునిఁగె

తులసికోట గారూ, ఇందులో చేప లేదు. బాకీ పద్యం దీనికి చెల్లించవచ్చు.

తులసికోట:
దీవి ఉంది కదండీ, లంక ఉంది, హనుమంతుడున్నాడు. చూద్దాం.