అప్‌డేట్: పీణ్యా లేత్ షాపుకి జనంలో ప్రకటన, చివరికి తేలిందేమిటంటే

రెండు లేతులు (లోహపు ముక్కని తిప్పుతూ కోసే యంత్రాలు), ఒక మిల్లింగ్ మెషీన్ (తిరిగే కట్టర్‌తో కోసేది) ఉన్న మా బెంగళూరు పీణ్యా షాపు, కంపెనీలు బయట చేయించుకునే జాబ్ వర్క్ తగ్గిందని మామూలు జనానికి ప్రకటన ఇవ్వొచ్చా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. పాంప్లెట్లు వద్దనుకున్నాం. గూగుల్ మ్యాప్స్‌లో మాత్రం పెట్టాం, అదీ ‘అన్ని రకాల పనులు’ అని కాకుండా ‘పంపు షాఫ్ట్, బుష్, కీవే’ (పంపు ఇరుసు, దాని చుట్టూ ఉండే గొట్టం ముక్క, చీల కూర్చునే గాడి) అని.

మీరు చెప్పిందే నిజం: వచ్చేవాళ్ళ దగ్గర డ్రాయింగ్ ఉండదు, అరిగిన ముక్క ఉంటుంది. దాన్ని కొలిచి అచ్చంగా అదే సైజులో చేసిస్తే కొత్తదీ లూజే. అందుకే అది కూర్చునే జత భాగం కూడా తెమ్మంటున్నాం. ఉదాహరణకి 6204 నంబరు బేరింగ్ లోపలి బోరు (రంధ్రం) 20 మి.మీ. అరిగిన పాత షాఫ్ట్ 19.9 చూపించినా, కొత్తది చేయాల్సింది ఆ 20 బోరులో సరిగ్గా కూర్చునేలాగే. అక్కడ వెర్నియర్‌ని (జారే దవడల కొలత పరికరం) నమ్మకూడదు, ఇంకా సూక్ష్మంగా కొలిచే మైక్రోమీటర్ కావాలి.

ధర దగ్గరే అసలు పేచీ. కోత పది నిమిషాలే, కానీ ఫోర్ జా చక్‌లో (ముక్కని పట్టుకునే నాలుగు దవడల బిగింపు) డయల్ గేజి పెట్టి ముక్కని సరిగ్గా మధ్యకి తేవడం, టూల్ మార్చడం కలిపి అరగంట. 200 ముక్కల ఆర్డర్‌లో ఆ అరగంట కనబడదు, ఒక్క ముక్కకైతే మొత్తం దాని మీదే పడుతుంది. కనీస ఛార్జీ 600 రూపాయలు అని గోడ మీద రాయించాం. బేరగాళ్ళు గుమ్మంలోనే తిరిగిపోతున్నారు, మంచిదే.

బ్రేకు, స్టీరింగ్, లిఫ్టు భాగాలు ఎంత ఇస్తామన్నా తీసుకోం. చిల్లర పనికి వేళ సాయంత్రం 4 నుంచి 6 మాత్రమే, లేకపోతే కంపెనీ ఆర్డర్ బ్యాచ్ నడుస్తుండగా మధ్యలో మెషీన్ సెట్టింగ్ విప్పాల్సొస్తుంది.